ప్రయోగశాలలో ప్రమాదము: ముందు నీరు, పిమ్మట నివేదిక

మన దేశములో భూసార పరీక్షా కేంద్రములు 1955-56లో 16 ప్రయోగశాలలతో ఆరంభమైనవి. ఆ దినములలో రైతు మట్టి సంచి పట్టుకొని దూరపు పట్టణమునకు పోవలసి వచ్చెడిది. 2015 ఫిబ్రవరిలో భూసార ఆరోగ్య పత్రముల పథకము వచ్చిన పిమ్మట నమూనాల సంఖ్య మిక్కిలి హెచ్చినది. 2021 నుండి మన రాష్ట్రములో నియోజకవర్గ స్థాయిలో కూడ వ్యవసాయ పరీక్షా కేంద్రములు వెలసినవి. మన కోనసీమలో ఇవి గాక, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానములో కొబ్బరి తెగుళ్లకు, పురుగులకు జీవ నియంత్రణ సాధనములను పెంచుచున్నారు. రొయ్యల చెరువులు ఉన్నచోట నీటిని, రొయ్యను పరీక్షించు ఆక్వా ల్యాబులు రోడ్డు ప్రక్క కొట్టు గదులలో కూడ కనిపించుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆమ్లపు సీసాలు, శిలీంధ్రపు జాడీలు, గ్యాసు సిలిండర్లు కూడ వీటితో పాటు మన ఊళ్ల నడుమకు వచ్చినవని మనము తగినంతగా తలచుట లేదు.

ప్రయోగశాలకు అధికారి ఒకరు ఉందురు. ఆయన సగము దినములు పొలములలోను, సమావేశములలోను గడుపును. మట్టిని జల్లించుట, ఆమ్లము కొలుచుట, సీసాలు కడుగుట, చెడిన జాడీలను పారవేయుట అన్నియు హెల్పర్లు, అటెండర్లు, దినకూలీపై వచ్చు స్త్రీలు చేయుచున్నారు. ప్రమాదము జరిగినప్పుడు మొదటి పది పదిహేను నిమిషములు వారి చేతిలోనే ఉండును. మన భద్రతా నియమములన్నియు అధికారి చదువుట కొరకు వ్రాసినవి. అవి వీరి కొరకు వ్రాయబడవలెనని, వీరిచేత అభ్యాసము చేయింపబడవలెనని నా అభిప్రాయము.

మట్టిలో సేంద్రియ కర్బనము పరీక్షించుటనే తీసికొందము. ఒక గ్రాము మట్టికి 10 మి.లీ. పొటాషియం డైక్రోమేటు ద్రావణము, 20 మి.లీ. గాఢ గంధకికామ్లము కలుపుదురు. వంద నమూనాలు చేసిన దినమున రెండు లీటర్ల గాఢ ఆమ్లము ఒకే బల్లపై చేతులు మారుచున్నది. ఆమ్లము పోసిన వెంటనే కుప్పె చేతితో పట్టుకొనజాలనంత వేడెక్కును. ఆ నారింజ వర్ణపు డైక్రోమేటు పుట్టకురుపు వ్యాధికి కారణమగు పదార్థములలో చేరినది. ఇది పెద్ద కర్మాగారములో జరుగు పని కాదు. రైతుకు భూసార పత్రము చేతికి వచ్చుటకు ముందు ప్రతి దినము జరుగు పని.

ఆమ్లము చర్మముపై పడినచో చేయవలసినది ఒక్కటే. వెంటనే, ధారాళముగా నీరు పోయవలెను. కంటిలో చిందినచో రెప్పలను వ్రేళ్లతో విప్పి పట్టి, కనీసము పదిహేను నిమిషములు పారు నీటితో కడుగవలెను. తడిసిన బట్టలను నీటి క్రిందనే తొలగింపవలెను. సిగ్గుపడు సమయము కాదు. ఆమ్లమును విరుచుటకని కంటిలోను, గాయముపైనను సోడా నీరు పోయరాదు. ఆమ్లము, క్షారము కలిసినప్పుడు పుట్టు వేడి గాయమును మరింత కాల్చును. వెన్న, పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయుట మన ఇండ్లలో అలవాటు. అవి నీటిని చర్మము వరకు పోనీయవు, వైద్యునికి గాయమును కనబడనీయవు.

మన వైపు నీటికేమి కొదువ, చుట్టును కాలువలే గదా అని కొందరు మిత్రులు అనవచ్చును. కాలువలో ఉన్న నీరు బల్ల దగ్గర లేదు. కన్ను కడుగు పరికరము నుండి నిమిషమునకు ఒకటిన్నర లీటరు నీరు రావలెనని ప్రమాణము. పదిహేను నిమిషములకు సుమారు 23 లీటర్లు కావలెను. ఒళ్లంతయు తడుపు అత్యవసర జల్లునకు నిమిషమునకు 75 లీటర్ల చొప్పున, పదిహేను నిమిషములకు వెయ్యి లీటర్లు దాటును. మన భవనములపై ఉన్న టాంకీలు ఎన్ని? వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నము వాటిలో నీరెంత ఉండును? పరికరములకు లక్షలు వెచ్చించుచున్నాము. భద్రత కొరకే విడిగా ఉంచిన వెయ్యి లీటర్ల టాంకీ ఒకటి, అదియు ఎన్నడును వట్టిపోనిది, ప్రతి ప్రయోగశాలపై ఉండవలెను. అది వచ్చువరకు మూత గల డ్రమ్ములో మంచినీరు, దానిపై రెండు చెంబులు బల్లకు పది అడుగుల లోపల ఉంచుట ఎవరి అనుమతి లేకయే చేయదగిన పని. రాజోలు నుండి గాని, కొత్తపేట నుండి గాని కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి చేరుటకు గంటకు పైగా పట్టును. అమలాపురము ఆసుపత్రి దగ్గరే యైనను, దారిలో గడచు సమయములో ఆమ్లము తన పని తాను చేసికొనుచు పోవును.

జల్లు ఉన్నంత మాత్రమున చాలదనుటకు ఒక నిదర్శనము కలదు. 2008 డిసెంబరు 29న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గాలి సోకిన మాత్రముననే అంటుకొను రసాయనము ఒక పరిశోధన సహాయకురాలి చేతిపై చిందినది. ఆమె రక్షణ కోటు వేసికొనలేదు. కృత్రిమ నూలు బట్ట మంటలంటుకొని కరగినది. అత్యవసర జల్లు దగ్గరనే ఉన్నది, కాని తొట్రుపాటులో ఎవరును ఆమెను దాని క్రిందికి చేర్చలేదు. పద్దెనిమిది దినములకు ఆమె మరణించినది. ప్రపంచములో పేరుపొందిన విద్యాలయములోనే ఇట్లు జరిగినప్పుడు, అభ్యాసము లేని మన హెల్పరుకు ఆ క్షణమున ఏమి తోచును?

బట్టల మాట వచ్చినది కనుక రెండు ముక్కలు చెప్పవలెను. మన ప్రయోగశాలలలో పనిచేయు స్త్రీలలో అధికులు నైలాను, పాలియెస్టరు చీరలు కట్టుదురు. పైట జారు చీరపై మోకాళ్ల వరకు వచ్చు నూలు కోటు తప్పనిసరిగా ఇయ్యవలెను. ఇక పాదముల సంగతి. గచ్చు మాయకుండుటకు, శుభ్రతకు అని చెప్పి చాలచోట్ల ప్రయోగశాల గుమ్మము ముందర చెప్పులు విడిపించుచున్నారు. గుడికి, వంటింటికి అది తగిన ఆచారమే. గాజు పెంకులు, ఆమ్లపు చుక్కలు పడు గదిలో వట్టి కాళ్లతో తిరుగుట తగదు. బయట తిరుగు చెప్పులు వద్దనుకొన్నచో, లోపల మాత్రమే తొడుగు మూసిన బూట్లు ఒక వరుస కొని పెట్టవలెను. వాటి ఖర్చు ఒక విరిగిన పరికరపు మరమ్మత్తు కంటె తక్కువ.

ఆమ్లపు సీసా నేలపై పగిలినచో వేరు పద్ధతి. గాఢ గంధకికామ్లము రెండున్నర లీటర్ల సీసాలలో వచ్చును. అది పగిలిన వెంటనే అందరును బయటికి రావలెను. రబ్బరు తొడుగులు, కంటి అద్దములు, బూట్లు ధరించిన ఒకరు, మరొకరు గుమ్మము దగ్గర చూచుచుండగా, కిటికీలు తెరచి, చుట్టును పొడి ఇసుకతో గట్టు కట్టవలెను. పిమ్మట అంచుల నుండి లోపలికి వంటసోడాను కొద్దికొద్దిగా చల్లవలెను; పొంగు నిలిచిపోవువరకు చల్లవలెను. లెక్క వేసి చూచినచో ఆ ఒక్క సీసా ఆమ్లమును పూర్తిగా విరుచుటకు ఏడున్నర కిలోల వంటసోడా కావలెను. బీరువాలో నూరు గ్రాముల పొట్లము పెట్టి భద్రతా సామగ్రి ఉన్నదని తనిఖీ పుస్తకములో వ్రాసికొనుట వలన ప్రయోజనము లేదు. పది కిలోల సోడా డబ్బా, రెండు బక్కెట్ల పొడి ఇసుక ఉండవలెను.

కోనసీమలో ఎక్కడ ఏమి ఒలికినను కొబ్బరి పొట్టు చల్లి ఊడ్చుట మన చేతికి వచ్చిన పని. నూనె ఒలికినచో మంచిదే. గాఢ గంధకికామ్లము, నత్రికామ్లము, పర్మాంగనేటు వంటి వాటిపై పొట్టు గాని, రంపపు పొడి గాని, గోనె పట్టా గాని వేయరాదు. అవి మాడి మంటలంటుకొనవచ్చును. డైక్రోమేటు పొడి ఒలికినచో పొడి చీపురుతో ఊడ్వరాదు, ధూళి ఊపిరిలోనికి పోవును. తడి గుడ్డతో అద్ది, ఆ గుడ్డను వేరు డబ్బాలో ఉంచవలెను. వాడిన ద్రావణమును తొట్టిలో పారబోసినచో అది ప్రక్క బోదెలోనికి, అచ్చటి నుండి కాలువలోనికి పోవును. ఆ కాలువ నీటితోనే మన ఊరి మంచినీటి చెరువులు నింపుకొనుచున్నాము.

నీరు మిత్రుడని ఇంతవరకు చెప్పితిని. కొన్ని చోట్ల నీరు శత్రువు. గాఢ ఆమ్లములో నీరు పోయరాదు. నీటిలో ఆమ్లము సన్నధారగా పోయవలెను. అరటి మాగబెట్టుటకు వాడరాదని నిషేధమున్నను అచ్చటచ్చట దొరకుచున్న కార్బైడు, నీరు సోకినచో మండు వాయువును విడచును. అన్నిటికంటె భయంకరమైనది అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ల. ఎర్రముక్కు పురుగు పట్టిన కొబ్బరి చెట్టు కాండపు రంధ్రములలోను, ధాన్యపు గిడ్డంగులలోను దీనిని వాడిన వారున్నారు. చట్టము ప్రకారము ఇది ప్రభుత్వ సంస్థలకు, అనుమతి పొందిన వారికి, నిపుణుల పర్యవేక్షణలో వాడుటకు మాత్రమే. మూడు గ్రాముల బిళ్ల గాలిలోని తేమ సోకి ఒక గ్రాము ఫాస్ఫీను వాయువును విడచును. మన గాలిలో తేమకు కొదువ లేదు! ఈ విషమునకు విరుగుడు మందు లేదు. డబ్బా తెరచుకొని బిళ్లలు చెదరినచో కడుగబోవరాదు. తలుపులు తెరచి, అందరును గాలి వచ్చు దిక్కునకు వెలుపలికి పోయి, అగ్నిమాపక శాఖకు తెలియజేయవలెను. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాలులో జరిగినది కూడ నీటితో ఆరంభమైనదే. సెవిన్ పేరుతో రైతులు వాడిన కార్బరిల్ మందు తయారీకి నిల్వచేసిన మిథైల్ ఐసోసయనేటు టాంకులోనికి నీరు చేరినది.

జీవ సంబంధమైన ప్రమాదముల విషయములో మన అజాగ్రత్త మరింత ఎక్కువ. కంటికి మంట లేదు, ముక్కుకు ఘాటు లేదు గనుక ప్రమాదమే కాదనుకొందుము. 2016లో పొల్లాచ్చి ప్రాంతమున మన దేశములో మొదటిసారి కనుగొనబడిన సర్పిలాకార తెల్లదోమ మన కొబ్బరి తోటలకు కూడ వ్యాపించినది. దానిపై ఐసేరియా అను మేలు చేయు శిలీంధ్రమును నూకలపై పెంచి పిచికారీ చేయు పద్ధతి ప్రచారములో ఉన్నది. అది మంచి పద్ధతి; రైతులు దానికి భయపడనక్కరలేదు. కాని పెంచు గదిలో సిద్ధబీజముల ధూళి దినదినము పీల్చినచో ఉబ్బసము, ఎలర్జీ కలుగవచ్చును. ఇంతకంటె ముఖ్యము, చెడిపోయిన జాడీ సంగతి. తెల్లగా పెరుగవలసిన జాడీలో పసుపుపచ్చని బూజో, నల్లని బూజో కనబడినచో అది ఆస్పర్జిల్లస్ కావచ్చును. వేరుసెనగలో అఫ్లాటాక్సిన్ విషమును పుట్టించు జాతి కూడ ఆ కుటుంబములోనిదే. హెల్పరు ఆ జాడీ మూత తీసి, నూకలను పెరటిలోని కోళ్లకు వేయుట ఎన్నడును జరుగరాదు. మూత తీయకయే ఆటోక్లేవులో 121 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అర గంట ఉంచి చంపిన పిమ్మటనే పారవేయవలెను.

ఆక్వా ల్యాబులలో విబ్రియో సూక్ష్మజీవులను పళ్లెములలో లెక్కించుదురు. ఒక చెరువు నుండి వచ్చిన రోగమును వేలు, లక్షలుగా పెంచి చూచుటయే ఆ పరీక్ష. ఆ పళ్లెములను ప్రక్క కాలువలో కడిగినచో, పది చెరువుల నీటికి అదే కాలువ ఆధారము గదా! రైతు సోదరులు పరీక్షకు ఇచ్చిన నమూనాను ఏమి చేయుచున్నారని ఆ ల్యాబు వారిని అడుగవలెను. డబ్బు చెల్లించువాడు అడిగినచో కలుగు ఫలితము మా తనిఖీ వలన కూడ కలుగదు.

పళ్లెము క్రింద పడి పగిలినచో ఊపిరి బిగబట్టి బయటికి వచ్చి, తలుపు మూసి, అర గంట ఆగవలెను. గాలిలోనికి లేచిన తుంపరలు అప్పటికి క్రిందికి దిగును. పిమ్మట ముఖమునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, ఒలికిన దానిపై పాత గుడ్డ కప్పి, బ్లీచింగ్ ద్రావణమును అంచుల నుండి నడుమకు పోసి, ఇరువది ముప్పది నిమిషములు నాననీయవలెను. గాజు పెంకులను చేతితో ఏరరాదు, చిమటాతో తీయవలెను. బ్లీచింగ్ ద్రావణము ఏ నాటిది ఆ నాడే కలుపుకొనవలెను. నిల్వ ఉన్నకొలది దాని బలము తగ్గును. దానిలో ఆమ్లము కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. రొయ్యల చెరువులకు బ్లీచింగ్ పౌడరు బస్తాలు నిల్వచేయు రైతులు కూడ దానిని ఆమ్లములకు, ఎరువులకు దూరముగా ఉంచవలెను.

బలము తగ్గిన క్రిమిసంహారిణి ఏమి చేయునో చైనాలో తెలిసినది. 2019 వేసవిలో లాంజౌ నగరములో పశువుల బ్రుసెల్లా టీకా తయారుచేయు కర్మాగారము గడువు తీరిన క్రిమిసంహారిణిని వాడినది. చావని సూక్ష్మజీవులు వ్యర్థ వాయువుతో వెలుపలికి పోయి గాలివాలున ఉన్నవారికి సోకినవి. పది వేల మందికి పైగా ఆ వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలినది. సీసా మీద గడువు తేదీ చదువుట ఎవరి పని అని ఆ కర్మాగారములో ఎవరైన నిర్ణయించి ఉన్నారో లేదో గాని, మన కేంద్రములలో చాలవరకు నిర్ణయింపబడలేదు.

గ్యాసు ప్రమాదము గూర్చి కోనసీమ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకొని 65 దినములు మండినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామములో పైపు నుండి వెలువడిన గ్యాసు ఊరంతయు పరచుకొని, నిప్పు సోకి, ఇరువది మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మన భూసార కేంద్రములలో పొటాషు కొలుచు పరికరము వంట గ్యాసుతో మండును. సూక్ష్మధాతువులు కొలుచు పరికరమునకు ఎసిటిలీను సిలిండరు ఉండును. వంట గ్యాసు గాలి కంటె బరువు, నేలవారగా పరచుకొనును. వాసన వచ్చినచో ఫాను వేయరాదు, లైటు ఆర్పరాదు, వేసియున్న స్విచ్చును ముట్టరాదు. సిలిండరు కట్టివేసి, తలుపులు తెరచి, ప్రక్క ఇండ్ల వారికి చెప్పవలెను. 2020 మే 7న విశాఖపట్నములో స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించినప్పుడు, కర్మాగారములో సైరను ఉండియు మ్రోగింపబడలేదని విచారణ సంఘము తేల్చినది. ప్రక్క వారికి చెప్పుటకు మొగమాటపడుట, పై అధికారి అనుమతికై కాచుకొనుట ఒక్కొక్కప్పుడు వాయువు కంటె ఎక్కువ హాని చేయును.

ఈ మొగమాటమునకు మూలము భయము. ఒక ప్రయోగశాలకు నేను పోయినప్పుడు అచ్చటి హెల్పరమ్మ ముంజేతిని పైటతో కప్పుకొని పని చేయుచుండెను. అడుగగా, “ఏం కాలేదండి, కాస్త చురుక్కుమందండి, సారుకి చెప్పకండి” అనినది. రెండు దినముల నాటి ఆమ్లపు గాయమది. చెప్పినచో సీసా ఖర్చు కూలిలో పట్టుకొందురని ఆమె భయము. ఆ భయము వట్టిదని చెప్పుటకు నాకు మాట దొరకలేదు, ఏలయన అట్లు పట్టుకొన్న చోట్లు ఉన్నవి. పగిలిన సీసాకు సంజాయిషీ అడుగుట మానవలెను. దాచిన ప్రమాదమునకు మాత్రము అడుగవలెను. ఇది శాఖాపరముగా వ్రాతపూర్వకమైన ఉత్తరువుగా రావలెనని నా కోరిక. అట్లయినచో క్రమశిక్షణ తప్పునని కొందరు పెద్దలు అనిరి. ప్రమాదముల పుస్తకములో సంవత్సరమంతయు “లేవు” అని వ్రాసియున్న కేంద్రమును చూచి నాకు ధైర్యము కలుగదు, అనుమానము కలుగును.

గోడపై అంటించిన సూచనలు ఆంగ్లములో ఉన్నవి. సీసాలపై పేర్లు కూడ ఆంగ్లమే. హెల్పర్లు సీసాలను “పచ్చ మూతది”, “పొగ వచ్చేది” అని గుర్తుపెట్టుకొనుచున్నారు. సరఫరాదారు మారి మూత రంగు మారిన దినమున ఏమగును? ప్రతి సీసాపై తెలుగులో పేరు, దాని క్రింద “నీరు పోయవచ్చు” లేక “నీరు పోయరాదు” అని పెద్ద అక్షరములతో చీటీ అంటించుటకు ఒక మధ్యాహ్నము చాలును.

పొలములలో పనిచేయువారికి కూడ ఇందులో కొంత పనికివచ్చును. 2023లో నిషేధింపబడిన మోనోక్రోటోఫాస్ సీసాలు కొబ్బరి తోటల పాకలలో ఇంకను మిగిలియున్నచో వాటిని వాడరాదు, కాలువలో పారవేయరాదు. పురుగుమందు ఒంటిపై ఒలికినచో బట్టలు విప్పి, సబ్బుతో, నీటితో బాగుగా కడుగవలెను. సొంగ కారుట, చెమటలు పోయుట, కనుపాప చిన్నదగుట కనబడినచో ఆలస్యము చేయక 108కు ఫోను చేయవలెను. మ్రింగినవారిచేత వాంతి చేయింపరాదు. ఢిల్లీలోని జాతీయ విష సమాచార కేంద్రము 1800 116 117 నంబరులో ఉచితముగా సలహా ఇచ్చును. ఆసుపత్రికి పోవునప్పుడు మందు సీసాను, కనీసము దాని చీటీని, వెంట తీసికొనిపోవలెను. ఏ మందో తెలియక వైద్యుడు తడుముకొను సమయము దానివలన తగ్గును.

ప్రయోగశాలలలో నెలకు ఒక మారు, అధికారి లేని దినమున, హెల్పర్ల చేతనే అభ్యాసము చేయింపవలెను. ఒకరు కన్నులు మూసికొని “ఆమ్లము పడింది” అని కేక వేయవలెను. మిగిలినవారు ఆమెను నీటి దగ్గరకు చేర్చి రెప్పలు విప్పి నీరు పోయవలెను. గడియారము చూచి ఎన్ని క్షణములు పట్టినదో గోడపై సుద్దతో వ్రాయవలెను. పది క్షణములు దాటినచో డ్రమ్మును బల్లకు ఇంకను దగ్గరగా జరుపవలెను.